ఆయనకు మిగిలిన ఒక్క మాట

మా చర్చి సంఘంలో నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె విరిచి ద్రాక్షరసంతో అందరికీ పంచుతారు. ఆ బల్ల మీద పెట్టే రొట్టె నేనే చేసేదాన్ని. శనివారం సాయంత్రం స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, దానికోసమే విడిగా ఉంచుకున్న గిన్నెలో మైదాపిండి కలిపేదాన్ని. ఈస్టు వెయ్యకూడదు, సోడా వెయ్యకూడదు. నేను ఉప్పు కూడా వేసేదాన్ని కాదు. చపాతీ కన్నా కాస్త మందంగా వత్తి, పెనం మీద సన్నటి సెగన కాల్చి, వేడి మీదే చాకుతో అడ్డంగా, నిలువుగా గీతలు పెట్టాలి. అలా చేస్తే పాస్టరు అయ్యగారు విరిచేటప్పుడు పొడి రాలకుండా ముక్కలు వస్తాయి. నల్ల ద్రాక్ష ఉడికించి పలచటి గుడ్డలో వడగట్టి రసం తీసే పని కూడా నాదే. పెళ్ళై జగ్గయ్యపేట వచ్చిన కొత్తలో మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ పోయాక ఆ పని నాకొచ్చింది. ఇంకెవరైనా "ఈ నెల మేం చేస్తాం" అంటే నా మొహం మాడిపోయేది. అదంతా భక్తేనని అనుకునేదాన్ని.

మా ఆయన సంఘంలో పాటలు ఎత్తేవాడు. క్వారీ నుంచి సిమెంటు ఫ్యాక్టరీకి సున్నపురాయి తోలే టిప్పరు డ్రైవరాయన. ఆరు రోజులు దుమ్ములో తిరిగి, ఏడో రోజు తెల్లచొక్కా వేసుకుని డోలక్ ముందేసుకుని కూర్చుంటే మందిరం మొత్తం ఆయన గొంతు వెనకాలే నడిచేది. పెళ్ళికి ముందు నోరు తెరిస్తే బూతేనట. డ్రైవర్లకి అది రెండో హారనని ఆయనే చెప్పేవాడు. బాప్తీస్మం తీసుకున్న రోజున మానేశాడు. నా కాపురంలో ఆయన నోట ఒక్క తిట్టు వినలేదు. ఒకసారి చిల్లకల్లు దగ్గర హైవే మీద ఎవడో కారువాడు సడన్‌గా అడ్డమొచ్చి టిప్పరు బోల్తాపడబోతే, పళ్ళు పటపట కొరుకుతూ "దేవుడు నిన్ను దీవించుగాక" అని అరిచాడట. బూతు కన్నా భయంగా ఉందొదినా అని క్లీనరు మా ఇంటికొచ్చి చెప్పి నవ్వాడు.

అలాంటి మనిషి ఒక పొద్దున పెరట్లో పళ్ళు తోముకుంటూ బ్రష్షు జారవిడిచాడు. వంగి తీసుకోబోయి లేవలేకపోయాడు. విజయవాడ తీసుకెళ్ళేసరికి కుడిచెయ్యి, కుడికాలు, మాట అన్నీ పోయాయి. పక్షవాతం అన్నారు. ప్రాణం మిగిలింది కదా అని డాక్టర్లు, ప్రాణం మిగిల్చాడు కదా అని సంఘం వాళ్ళు నాకు సర్దిచెప్పారు. నేను కూడా అదే అనుకున్నాను. అనుకోకపోతే ఏం చేస్తాను?

కొన్నాళ్ళకి ఆసుపత్రిలోనే మాట వచ్చింది. ఒక్కటే మాట. నర్సు సూది గుచ్చుతుంటే ఆమె మొహంలోకి చూసి స్పష్టంగా అన్నాడు. ఇక్కడ చుక్కలు పెట్టి దాస్తే మీరు ఇంకా పెద్దది ఊహించుకుంటారు. కాబట్టి రాసేస్తున్నాను. "దొంగనాకొడకా" అన్నాడు.

నర్సు పడీ పడీ నవ్వింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మెదడులో మాటలు పుట్టే చోటు దెబ్బతిందనీ, కొందరికి అలా ఏదో ఒక్క పాత మాట మిగిలిపోతుందనీ, అది ఆయన కావాలని అంటున్నది కాదనీ డాక్టరు వివరించాడు. నిజమే. నీళ్ళు కావాలన్నా అదే మాట, దిండు సరిచెయ్యమన్నా అదే మాట, నా చెయ్యి పట్టుకుని ఏడ్చినప్పుడూ అదే మాట. రాగం మాత్రం మారేది. వారం తిరిగేసరికి ఆ ఒక్క మాటలో ఆయనేం అడుగుతున్నాడో నాకు తెలిసిపోయేది. 

అయ్యగారు ఆసుపత్రికి వచ్చారు. సంఘ పెద్దగారు కూడా వచ్చారు. అయ్యగారు మా ఆయన తలమీద చెయ్యి పెట్టి, వార్డంతా వినబడేలా చాలాసేపు ప్రార్థన చేశారు. చివర్లో వంగి, "ఆమేన్ అనండి సహోదరా" అన్నారు. మా ఆయన కళ్ళనిండా నీళ్ళతో, ఎంతో వినయంగా, "దొంగనాకొడకా" అన్నాడు. తలమీద చెయ్యి చురుక్కుమన్నట్టు లేచిపోయింది. నేను గబగబా డాక్టరు చెప్పిందంతా చెప్పాను. అయ్యగారు తల ఊపారు గానీ, పెద్దగారు నావంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఇంట్లో ఇదేనా సంగతి అన్నట్టుంది ఆ చూపు.

ఇంటికొచ్చాక మొదటి బల్ల ఆదివారానికి ఆయన్ని తీసుకెళ్ళాను. మా పక్కింటి ఆటో అబ్బాయి, ముస్లింల పిల్లాడే, నన్ను వదినా అంటాడు, తనే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. రొట్టె విరిచే ముందు మా మందిరంలో ఒక అలవాటుంది. ఎవరికి వాళ్ళు తమను తాము పరీక్షించుకోమని అయ్యగారు చెబుతారు. అందరూ తలలు వంచుకుంటారు. ఫ్యాన్లు కూడా ఆపేస్తారు. ఆ నిశ్శబ్దంలో మా ఆయనకి దాహమేసింది. పెద్దగా పిలిచాడు నన్ను, ఆయనకున్న మాటతో. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఒకామె తన పిల్ల చెవులు మూసింది. రొట్టె పళ్ళెం మగవాళ్ళ వరసల్లో తిరిగింది గానీ ఆయన కుర్చీ దాకా రాలేదు.

మర్నాడు అయ్యగారు, పెద్దగారు మా ఇంటికొచ్చారు. టీ ఇచ్చాను. 

"దేవుడు శోధించేది ప్రేమతోనేనమ్మా," అన్నారు అయ్యగారు. "బంగారాన్ని పుటం వేస్తారు. మట్టిని వెయ్యరు కదా."

"ఊరికే రాదమ్మా ఇది," అన్నారు పెద్దగారు. "గుండెలో లేనిది నోట్లోకి ఎట్టా వస్తది? మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. దాచిన పాపం ఏదన్నా ఉంటే ఒప్పుకోండి. మార్గం తెరుచుకుంటది."

"ఇరవై నాలుగ్గంటలూ పక్కనే ఉన్నదాన్నండీ. ఆయన దాచిందేదీ నాకు కనపళ్ళా," అన్నా.

"మనకి కనపడదమ్మా," అన్నారాయన, తనకి కనబడినట్టు.

తేలిందేమిటంటే, ఆయన బాగయ్యేదాకా బల్ల ఆదివారాలకి తీసుకురావద్దని. పిల్లలు చెడిపోతారని. అయ్యగారే ఇంటికి వచ్చి రొట్టె, రసం ఇస్తారని. నేను సరేనన్నాను. 

అయ్యగారు రాలేదు. ఒక నెల మైలవరంలో సువార్త కూటాలన్నారు. ఒక నెల కీసరలో ఎవరిదో గృహప్రవేశ ప్రార్థనన్నారు. ఇంకో నెల కారణం చెప్పడం కూడా మానేశారు. నేను మాత్రం శనివారం రొట్టె కాల్చేదాన్ని, ఆదివారం మూటకట్టి తీసుకెళ్ళేదాన్ని. వాకిట్లో కుర్చీలో కూర్చుని నా చేతిలో మూటని చూస్తూ ఉండేవాడు మా ఆయన. వీధి మలుపు దాకా ఆ చూపు నా వీపుకి తగులుతున్నట్టే ఉండేది. ఇంట్లో కాల్చిన రొట్టె ఊరంతా తింటోంది, ఇంటాయనకి లేదు.

పరీక్షించుకోమన్నారు కదా, పరీక్షించుకున్నాను. వాళ్ళు ఊరికే అన్నారేమో, నేను నిజంగానే మొదలుపెట్టాను. అంట్లు తోముతూ, ఆయనకి స్నానం చేయిస్తూ, నందిగామ ఫిజియోథెరపీకి వెళ్ళే దారిలో ఆటోలో, అదే పని. ముందు ఆయన పాపాల కోసం వెతికాను. ఎంత వెతికినా కోపం, పేకాట, ఒకటో రెండో అబద్ధాలే దొరికాయి. సంఘంలో ఏ మగవాడి జేబు దులిపినా అంతకన్నా ఎక్కువే రాలుతుంది. అప్పుడు నా వైపు తిరిగాను. అక్కడ దొరికింది.

ఆయన్ని తీసుకురావద్దన్నప్పుడు నేను ఏడవలేదు. లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఇక ఆ మాట వినబడగానే అందరి తలలూ నావైపు తిరగవు, పిల్లలు నవ్వరు, ముందు వరసలో నా చోట నేను కుదురుగా కూర్చోవచ్చు. అందుకే సరేనన్నాను. అయ్యగారి కోసం కాదు, పెద్దగారి కోసం కాదు. మంచంలో ఉన్న మనిషిని అందరికన్నా ముందు వెలివేసింది నేనేనని తెలిసేసరికి నా ఒళ్ళు నాకే కంపరమెత్తింది. ఆ నెల నుంచి పళ్ళెం నా దగ్గరకి వచ్చినప్పుడు తీసుకోకుండా పక్కావిడకి అందించేశాను. రొట్టె చేసినామె రొట్టె తినడం లేదని సంఘంలో ఒక్కరూ గమనించలేదు. ఆత్మల్ని కాచే వాళ్ళ కళ్ళు అంత చురుకైనవి.

ఒక మధ్యాహ్నం ఆయనకి అన్నం తినిపిస్తుంటే పొలమారింది. దగ్గుకీ దగ్గుకీ మధ్య ఆ మాటే. నా ఓర్పు తెగింది. కంచం నేల మీద పెట్టి పైకి చూసి అడిగాను. నీకు తీసుకోవడానికి ఇంకేమీ దొరకలేదా? చెయ్యి తీసుకున్నావు, కాలు తీసుకున్నావు, సరే. పాటలు కట్టి నీకే పాడిన గొంతు అది. అందులోని మాటలన్నీ ఊడ్చేసి, నీకోసం వదిలేసిన ఒక్క మాటనే తెచ్చి మళ్ళీ ఆయన నోట్లో పెడతావా? నీకు సిగ్గు లేదా? ఇంకా చాలా అన్నాను. పక్కింటివాళ్ళు విన్నా లెక్కచెయ్యలేదు. 

అలసిపోయి గోడకి ఆనుకున్నాక ఒకటి తట్టింది. ఇన్నేళ్ళూ ముసుగు వేసుకుని, కళ్ళు మూసుకుని, వరసగా మంచి మంచి మాటలు పేర్చి చేసిన ప్రార్థనల్లో దేవుడు వింటున్నాడో లేడో నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఈ పూట మాత్రం ఎదురుగా నిలబడ్డవాడిని దులిపినట్టు దులిపాను. లేడనుకుంటే అంత తిట్టగలనా? నా జన్మలో నేను చేసిన మొదటి ప్రార్థన అదేనేమో. దానివల్ల ఓదార్పేమీ కలగలేదు. మా ఆయన దగ్గు తగ్గలేదు. కానీ ఆ రోజు తర్వాత దేవుడున్నాడా అన్న అనుమానం నాకు మళ్ళీ రాలేదు. ఉన్నాడు, నాకు జవాబు చెప్పుకోవాలి, అంతే.

అయ్యగారు చెప్పిన బంగారం సంగతి కూడా అప్పుడే తేల్చుకున్నాను. మా ప్రాంతంలో బట్టీలో వేసేది సున్నపురాయిని. ఎంత కాల్చినా అది బంగారం కాదు, సున్నమవుతుంది. నీళ్ళు పోస్తే సలసల ఉడుకుతుంది, చెయ్యి పెడితే పొక్కుతుంది. నా విశ్వాసం అలా తయారైంది. 

ఇది జరిగిన కొన్నాళ్ళకి, ఒక శనివారం సాయంత్రం పిండి కలుపుతున్నాను. ఆయన వంటింటి గుమ్మంలో కుర్చీలో ఉన్నాడు. నేను అలవాటుగా కూనిరాగం తీస్తున్నాను, ఆయన ఎప్పుడో కట్టిన పాట. రెండో చరణం దగ్గర నా గొంతు పక్కన ఇంకో గొంతు వినబడింది. ఆగిపోయాను. ఆయన ఆగలేదు. మాటలతో సహా పాడుతున్నాడు. ఒక్క అక్షరం పోలేదు. పాట అయ్యేదాకా పిండి చేతులతో అలాగే నిలబడి, అయ్యాక ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, "ఏమండీ, మాటొచ్చిందా? నన్ను పిలవండి, నా పేరు పెట్టి పిలవండి" అన్నాను. 

ఆయన నోరు చాలా తిప్పలు పడింది. చివరికి వచ్చింది, "దొంగనాకొడకా." ఇద్దరం ఏడ్చాం.

నందిగామలో ఫిజియోథెరపీ డాక్టరమ్మకి చెబితే ఆశ్చర్యపోలేదు. మెదడులో మాట ఒక చోట, పాట ఒక చోట ఉంటాయనీ, మాట పోయినవాళ్ళు పాడటం తను ఇంతకుముందు కూడా చూశాననీ, రోజూ పాడించమనీ చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పాడాడు. పక్కింటబ్బాయి బండి పక్కకాపి ఫోన్లో వీడియో తీశాడు. "అన్నా, ఇంకోటి ఎత్తు" అన్నాడు. మా ఆయన తన మాట అంటే, "ఆఁ, అదే, ఆ పాటే" అని నవ్వాడు. ఆ తిట్టుకి ముడుచుకోని మొహం మా వీధిలో వాడిదొక్కటే. 

ఇక్కడే నేను చెయ్యకూడని పని చేశాను. సంతోషం పట్టలేక ఆ వీడియోని సంఘం గ్రూపులో పెట్టాను.

గంటలో అయ్యగారు మా ఇంట్లో ఉన్నారు. నెలల తరబడి దొరకని తీరిక ఆ పూట దొరికింది. "అద్భుతమమ్మా! దేవుడు నోరు తెరిచాడు. వచ్చే ఆదివారం మీరు సాక్ష్యం చెప్పాలి. సహోదరుడు పాడాలి. వేరే సంఘాల వాళ్ళని కూడా పిలుస్తున్నా." మా ఆయన పక్కనే ఉన్నాడు. ఏదో అనబోయాడు. అయ్యగారు చటుక్కున నావైపు తిరిగి గొంతు తగ్గించారు. "పాట అయిపోగానే బయటికి తీసుకెళ్ళిపోండి. మాట్లాడనివ్వద్దు."

"బల్ల ఆదివారమే కదండీ అది," అన్నా.

"అవునమ్మా."

"ఆయన పాట పాడ్డానికి రాడండీ. రొట్టె తినడానికొస్తాడు. అది ఇస్తానంటే తీసుకొస్తా."

సరే చూద్దాం అన్నారు అయ్యగారు. ఆ 'చూద్దాం' ఎలాంటిదో నాకు తెలుసు. అయినా ఆ శనివారం ఎప్పటికన్నా శ్రద్ధగా రొట్టె కాల్చాను. ఒక్కటే భయం. మైకు ముందు నిలబడి, అందరూ కావాలనుకునే ఆ అద్భుతాన్ని నేనూ ఒప్పేసుకుంటానేమోనని. ఒప్పుకుంటే మళ్ళీ ముందు వరస నాదే. ఆయన పాపం కూడా ఒక్క పూటలో మాఫీ అయిపోతుంది. నోరు తెరిచాడు అన్న రెండు ముక్కలు చాలు.

మా మందిరంలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ఈసారి ఆయన్ని ఒంటరిగా వదలలేను కాబట్టి గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట, ఆయన కుర్చీ పక్కనే కూర్చున్నాను. అయ్యగారు ఘనంగా ప్రకటించారు. మైకు వచ్చింది. ముసుగు సరిచేసుకుని లేచాను. 

"మా ఆయనకి మాట రాలేదండీ. పాట వచ్చింది. పాట ఉండే చోటు దెబ్బతినలేదని డాక్టరమ్మ చెప్పింది. దాన్ని మిగిల్చినందుకు దేవుడికి వందనాలు. మాట మాత్రం ఆ ఒక్కటే ఉంది. అదేంటో మీ అందరికీ తెలుసు. ఆ మాటతోనే ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు. ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చోబెట్టింది నేనే. అది నా తప్పు."

ఎవరూ హల్లెలూయా అనలేదు. మైకు ఆయన నోటి దగ్గర పెట్టారు. ఆయన పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. పాడలేదు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగినా చెప్పలేడు. వేరే సంఘాల నుంచి వచ్చినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అయ్యగారి మొహం నల్లబడింది.

తర్వాత రొట్టె విరిచారు. పళ్ళెం పట్టుకున్నది పెద్దగారు. అంతమంది చూస్తుండగా మమ్మల్ని దాటి వెళ్ళలేక మా ముందుకొచ్చి ఆగారు. మా ఆయన ఎడమచెయ్యి చాపాడు. పెద్దగారు పళ్ళెం కాస్త వెనక్కి తీసి, "కుడిచెయ్యి…" అని గొణిగారు.

"కుడిచెయ్యి దేవుడు తీసుకున్నాడండీ. కావాలంటే ఆయన్నడగండి," అన్నా.

పళ్ళెం ముందుకొచ్చింది. ఎడమచేతి వేళ్ళతో ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నేనూ ఒక ముక్క తీసుకున్నాను. ఉప్పు లేని ఆ రొట్టె రుచి మర్చిపోయి చాలా నెలలైంది. 

తర్వాతి నెల బల్ల ఆదివారానికి ముందు శుక్రవారమే అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, ఫోన్ చేశారు. "ఈసారి నుంచి రొట్టె మేం చూసుకుంటాంలే అక్కా. ఆయన్ని చూసుకోవడమే మీకు సరిపోతది, పాపం." సరేనమ్మా అన్నాను. ఫోన్ పెట్టేసి మా అత్తగారి గిన్నె దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అబద్ధమెందుకు, ఆయన పడిపోయిన రోజున కూడా అంతలా ఏడవలేదు.

ఇప్పటికీ వెళ్తున్నాం. మా చోటు గుమ్మం దగ్గరే. మా పక్కన ఎవరూ కూర్చోరు. రొట్టె ఎవరు చేస్తున్నారో గానీ గట్టిగా ఉంటుంది, ఉప్పు ఎక్కువ. గీతలు పెట్టడం తెలియదు, పొడి రాలుతుంది. ఆయన ఎడమచేత్తో తీసుకుని, రాలిన పొడి కూడా ఏరుకుని తిని, కళ్ళు మూసుకుని, తలవంచి, ఎంతో మెల్లగా తనకున్న ఆ ఒక్క మాట అంటాడు. ఎవరూ మావైపు తిరగరు. నేను ఆమేన్ అంటాను.